డాట్లు మార్చకండి, ముందు సరిగ్గా కడగండి

మా ల్యాబ్‌లో క్వాంటమ్ డాట్లను, అంటే నానోమీటర్ల సైజు సెమీకండక్టర్ రేణువులను, పాలిమర్‌లో కలిపి సోలార్ సెల్స్ చేస్తాం. మొన్న శుక్రవారం అక్కడ రెండో ఏడాది పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. "సర్, సెల్ ఎఫిషియెన్సీ మళ్లీ 0.2 శాతమే. వేరే సైజు డాట్లు చేయనా?" ఏటా ఎవరో ఒకరు ఈ మాటతోనే వస్తారు. నేనూ అలాగే అనుకుని ఎనిమిది నెలలు పోగొట్టుకున్నవాణ్నే.

అపోహ: ఎఫిషియెన్సీ (పడ్డ వెలుగులో కరెంటుగా మారే వాటా) రాలేదంటే లోపం డాట్లదో, పాలిమర్‌దో.

చాలాసార్లు లోపం ఆ రెండింటి మధ్య ఉన్న జిడ్డుది. కాడ్మియం సెలినైడ్ డాట్లు చేసినప్పుడు వాటి చుట్టూ ఒలీక్ యాసిడో, టోపో అనే మరో జిడ్డు రసాయనమో పట్టి ఉంటుంది. వీటిని లిగాండ్లంటారు. ఒలీక్ యాసిడ్ అంటే మన వేరుశనగ నూనెలో దండిగా ఉండేదే. ఈ పొర లేకపోతే డాట్లు ద్రావణంలో నిలవవు, ఉంటే ఎలక్ట్రాన్‌ని కదలనివ్వదు. మా పాలిమర్ పీ3హెచ్‌టీలో వెలుగు పడి పుట్టిన ఎక్సైటాన్ (జంటగా కట్టుబడ్డ ఎలక్ట్రాన్, హోల్) ఓ 10 నానోమీటర్లు తిరిగేలోపు డాట్‌ని చేరాలి. చేరాక ఎలక్ట్రాన్ అందులోకి దూకాలి, డాట్ నుంచి డాట్‌కి గెంతుతూ ఎలక్ట్రోడ్ దాకా పోవాలి. గెంతిన ప్రతిచోటా నూనె పొర అడ్డం. డాట్ ఎంత మంచిదైతే ఏం లాభం? 1996లోనే గ్రీన్‌హామ్, పెంగ్, అలివిసాటోస్ అనే పరిశోధకులు ఈ పొరను పిరిడిన్ అనే ద్రావకంతో వదిలించి తేడా చూపించారు. 2002లో 1.7 శాతం ఇచ్చిన నానోరాడ్ల (కడ్డీల్లాంటి డాట్ల) సెల్‌కీ పిరిడిన్ తోడుంది. అన్నట్టు, ఆ 1.7 'సైన్స్' పత్రికలో వచ్చింది. మీ 0.2 చూసుకుని గైడ్ ఏమంటారోనని నిద్ర మానుకోకండి.

కడగాలని తెలిశాక ఇంకో గొయ్యి ఉంది: ఎంత కడిగితే అంత మంచిదనుకోవడం. నేను పడింది ఇందులోనే. పిరిడిన్‌లో రాత్రంతా మరిగించడం, హెక్సేన్ పోసి సెంట్రిఫ్యూజ్‌లో దించడం, మళ్లీ మొదలు. కుళ్లిన చేపల కంపు చొక్కాకి పట్టేసి మెస్‌లో నా బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మూడో కడుగుకి వయల్ అనే చిన్న గాజు సీసాలో ద్రావణం పాలు విరిగినట్టు విరిగింది. మొండిగా దాన్నే పాలిమర్‌లో కలిపి స్పిన్ చేశాను, అంటే గిర్రున తిప్పి పల్చటి ఫిల్మ్‌గా పరిచాను. అద్దంలా మెరవాల్సిన ఫిల్మ్ మసకగా, రవ్వ చల్లినట్టు వచ్చింది. జేవీ కర్వ్ (వోల్టేజీకి కరెంటు గ్రాఫ్) బదులు సున్నా మీదుగా ఒక గీత. షార్ట్ సర్క్యూట్!

పొర మొత్తం ఊడదీస్తే డాట్ ఒంటి మీద ట్రాప్‌లు (ఎలక్ట్రాన్లు చిక్కుకునే గుంటలు) మిగులుతాయి, డాట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 2010లో జర్మనీలోని ఫ్రైబర్గ్ బృందం లిగాండ్‌ని మార్చే జోలికి పోకుండా, హెక్సనోయిక్ యాసిడ్‌తో అదనపు జిడ్డు మాత్రం కడిగేసి, గుండ్రటి డాట్లతోనే 2 శాతం తెచ్చింది. అందుకే నేను చెప్పేదొకటే: ఒకే బ్యాచ్‌ని మూడు వయల్స్‌లో పోసి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడగండి. మసకబారిన దానికి ముందున్న వయల్‌తో మొదలుపెట్టండి.

మిగతా అపోహలు గబగబా. డాట్లు కలపగానే పాలిమర్ తానుగా చిమ్మే వెలుగు (ఫ్లోరోసెన్స్) ఆరితే ఛార్జ్ విడిపోయినట్టే అంటారు. ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ (ఎలక్ట్రాన్ దూకకుండా శక్తి మాత్రం డాట్‌కి పోవడం) వల్లా ఆరుతుంది, ట్రాప్‌ల వల్లా ఆరుతుంది. మిశ్రమంలో 90 శాతం డాట్లే అయితే పాలిమర్‌కి చోటెక్కడిదంటారు. అది బరువు లెక్క. కాడ్మియం సెలినైడ్ సాంద్రత 5.8, పాలిమర్‌ది 1.1 ప్రాంతం. ఘనపరిమాణంలో డాట్లు 60 శాతం పైచిలుకే.

ఇక డాట్లతో సోలార్ పెయింట్ చేస్తారన్న వాట్సాప్ ఫార్వర్డ్. "సోలార్ పెయింట్ వస్తోందటగా, మేడ మీద ప్యానెళ్లు ఆపేయమంటావా?" అని మా బాబాయి ఫోన్ చేశాడు. ఒళ్లు మండింది. ఆపొద్దు బాబాయ్, సిలికాన్ ప్యానెల్ 20 శాతం పైన ఇస్తోంది, పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ కూడా ఉంది, మా సెల్ చిటికెన వేలి గోరంత ఉండదు అని చెప్పాను. నమ్మాడో లేదో.

ఆ అమ్మాయి మూడు వయల్స్ కడిగి హుడ్‌లో వరసగా పెట్టింది. మూడోది అప్పుడే మసకబారింది. సోమవారం పొద్దున రెండోదాన్ని స్పిన్ చేస్తాం.