న్యుమోనియా తగ్గాక మంచం దిగొచ్చా? అపోహలు - వాస్తవాలు

స్వైన్ ఫ్లూ కావచ్చు, కోవిడ్ కావచ్చు, మరో వైరస్ కావచ్చు. తీవ్రమైన న్యుమోనియాతో ఆక్సిజన్ మీద ఉండి ఇంటికెళ్లినవాళ్లు మొదటి చెకప్‌కి వచ్చినప్పుడు శ్రీకాకుళం ఓపీలో అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "లంగ్స్ పాడైపోనాయి బాబూ, మరి లెగకూడదంట గదా?" చేతిలో సీటీ రిపోర్టు ఉంటుంది. అందులో 'ఫైబ్రోసిస్' (ఊపిరితిత్తిలో మచ్చ పడటం) అన్న మాట కింద ఎవరో పెన్నుతో గీత గీసి ఉంటారు. కొడుకో కోడలో రెక్క పట్టుకుని నడిపిస్తుంటారు. వేలికి ఆక్సీమీటర్ పెడితే 96 చూపిస్తుంది.

ఆ భయం తప్పు కాదు. ఊపిరి అందక నాలుగు రోజులు కొట్టుకున్న మనిషికి భయం ఉంటుంది. కానీ ఆ భయాన్ని పట్టుకుని చుట్టుపక్కలవాళ్లు తలా ఒక మాట చెప్పి మనిషిని మంచానికి కట్టేయడం చూస్తే కోపం వస్తుంది. కోలుకోవాల్సిన నెలలు అక్కడే పోతున్నాయి.

అపోహ: దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ బాగుపడదు, కాబట్టి కదలకుండా పడుకోవాలి.

ఇందులో రెండు మాటలున్నాయి, రెండూ తప్పే.

మొదటిది చూద్దాం. ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదుల లోపలి పొరలో రెండు రకాల కణాలుంటాయి. వైరస్ దెబ్బకి పల్చటి మొదటి రకం కణాలు రాలిపోతాయి. మిగిలిన రెండో రకం కణాలు విభజన చెంది, క్రమంగా మొదటి రకంగా మారి ఆ పొరను మళ్లీ కప్పుతాయి. గదుల్లో చేరిన నీరు, చచ్చిన కణాలు మెల్లగా ఖాళీ అవుతాయి. ఇదంతా వారాలు, ఒక్కోసారి నెలలు పట్టే పని. సీటీలో 'గ్రౌండ్ గ్లాస్' అని రాసేది చాలావరకు ఈ వాపు, ఈ నీరే. జబ్బు మొదలైన మూడో నాలుగో వారంలో తీసిన స్కాన్‌లో చారలు కనిపిస్తే రిపోర్టులో ఫైబ్రోసిస్ అని పడుతుంది. వాటిలో చాలా చారలు 3 నుంచి 12 నెలల్లో పల్చబడతాయి, కొన్ని పూర్తిగా పోతాయి.

అందుకే కోలుకుంటున్న మనిషికి మళ్లీ ఎక్స్‌రే తీసేది సాధారణంగా 12 వారాలకి. మనిషి నడుస్తూ, తింటూ, ఆక్సిజన్ నిలకడగా ఉంటే పదిహేను రోజులకోసారి సీటీ అక్కర్లేదు. దానివల్ల డబ్బు పోవడం, రేడియేషన్ పడటం తప్ప ఒరిగేదేమీ లేదు. సీటీ స్కోర్ 18/25 అంటే ఊపిరితిత్తులు ముప్పాతిక పోయాయని కాదు. ఆ రోజు జబ్బు ఎంత మేర పరుచుకుందో చెప్పే అంకె అది.

నిజంగా మిగిలిపోయే మచ్చ కూడా ఉంటుంది, దాచకూడదు. వయసు పైబడినవాళ్లు, వెంటిలేటర్ మీద చాలా రోజులున్నవాళ్లు, ముందే ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో అది ఎక్కువ. దాన్ని తేల్చాల్సింది 12 వారాల తర్వాతి స్కాన్, డీఎల్‌సీఓ పరీక్ష (ఊపిరితిత్తుల్లోంచి గాలి రక్తంలోకి ఎంత బాగా చేరుతుందో చూసేది). మొదటి నెల రిపోర్టులో ఒక మాట చూసి ఖరీదైన ఫైబ్రోసిస్ మాత్రలు తెచ్చుకుని మింగడం సరికాదు.

ఇక రెండో మాట, పడుకోవడం. ఐసీయూలో ఉన్న మనిషికి తొడ కండరం పది రోజుల్లోనే సుమారు ఆరో వంతు కరిగిపోతుంది. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ దాన్ని ఇంకా బలహీనపరుస్తుంది. ఇంటికొచ్చాక బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం వస్తుంది. చాలామందిలో ఆ ఆయాసంలో పెద్ద వాటా కాళ్లదే. నీరసించిన కండరం చిన్న పనికే ఎక్కువ గాలి అడుగుతుంది. మనిషి మాత్రం "లంగ్స్ పోయాయి" అనుకుని మళ్లీ పడుకుంటాడు, కండరం ఇంకా కరుగుతుంది, మర్నాడు ఆయాసం ఇంకా పెరుగుతుంది. కదలకుండా ఉంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది.

లేవాలి. లెక్క ప్రకారం లేవాలి.

ముందు కుర్చీ పరీక్ష. మొదటిసారి ఆసుపత్రిలోనే చేయించుకోండి. చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి, మనిషి రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలడో చూస్తాం. మొదలుపెట్టేముందు, ఆగగానే, మరో నిమిషం తర్వాత ఆక్సిజన్ చూస్తాం. అంకె 4 లేదా అంతకంటే ఎక్కువ పడినా, 90 కంటే దిగినా ఇంట్లో సొంతంగా వ్యాయామం వద్దు. ముందు కారణం వెతకాలి. పడకపోతే నడక మొదలు.

మొదటి వారం 2 నిమిషాలు నడక, 1 నిమిషం కూర్చోవడం, ఇలా ఐదు చుట్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తిన్నాక గంట ఆగాలి. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. వేగం అంతే చాలు. మూడు రోజులకోసారి నడకకి ఒక నిమిషం కలపండి, ఆగకుండా 30 నిమిషాలు చేరేదాకా. మర్నాడు ఒళ్లు హూనమై లేవలేకపోతే పాత లెక్కకి వెనక్కి వెళ్లి మూడు రోజులు అక్కడే ఉండండి, పంతానికి పోకండి. రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేవడం 5 సార్లు చొప్పున మూడు విడతలు, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో 10 సార్లు ఎత్తడం. పొగమంచు దట్టంగా ఉన్న వేళ, కట్టెల పొయ్యి దగ్గర, పలాస వైపైతే జీడిపిక్కలు కాల్చే పొగ వచ్చే చోట నడవొద్దు.

మధ్యలో ఆయాసం వస్తే కంగారు పడి నోరు తెరిచి ఎగపీల్చకండి. కూర్చుని ముందుకి వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి. రెండు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలండి. గట్టిగా ఊదొద్దు. రెండు మూడు నిమిషాల్లో సర్దుకోవాలి.

ఆక్సీమీటర్ కూడా చాలామంది తప్పుగా చూస్తారు. చల్లని వేలికి, గోళ్ల రంగు ఉన్న వేలికి పెట్టి 85 వచ్చిందని హడలిపోతారు. చేతులు రుద్ది వెచ్చగా చేసుకుని, కూర్చుని, అంకె నిలబడేదాకా ఒక నిమిషం ఆగి చూడాలి.

అపోహ: ఊపిరి వ్యాయామానికిచ్చే స్పైరోమీటర్ డబ్బాలో మూడు బంతులూ లేస్తే లంగ్స్ బాగైనట్టే.

ఆ డబ్బా మీదున్న 600, 900, 1200 అంకెలు గాలి ఎంత వేగంగా లాగారో చెబుతాయి, ఊపిరితిత్తి ఆరోగ్యాన్ని కాదు. కొందరైతే పీల్చాల్సింది పోయి ఊదుతారు. మెల్లగా పీల్చి, బంతిని 3 సెకన్లు నిలపండి. విడతకి పది సార్లు చాలు, తల తిరిగితే ఆపండి.

అపోహ: ఆవిరి, కషాయం లంగ్స్‌ని కడిగేస్తాయి.

ఆవిరి ముక్కు దిబ్బడకి హాయిగా ఉంటుంది, అంతవరకే. గాలి గదుల్లో వాపుని అది తీయదు. మరిగే గిన్నె ఒలికి కాళ్లు కాలిన కేసులు మాత్రం వస్తూనే ఉంటాయి.

అపోహ: పథ్యం ఉండాలి. గుడ్డు వేడి, పాలు కఫం.

చారన్నం, చోడి (రాగి) అంబలితో కండరం తిరిగి రాదు. కిడ్నీ జబ్బు లేని 60 కిలోల మనిషికి ఈ సమయంలో రోజుకి 70 గ్రాముల పైన ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 20 వరకు, గ్లాసు పాలలో 6, కప్పు ఉడికిన పప్పులో 7-8 గ్రాములు. అంబలి తాగండి, పక్కన రెండు గుడ్లు పెట్టుకోండి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకి మాత్రం ఈ లెక్క నేరుగా చెప్పలేం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. ఎక్కువుంటే ప్రొటీన్ ఎంతో కిడ్నీ డాక్టరు చెప్పాలి. దగ్గి దగ్గి ఛాతీ నొప్పి వస్తే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు అస్సలు వద్దు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

అపోహ: స్టెరాయిడ్ ప్రమాదం, ఇంటికెళ్లగానే ఆపేయాలి.

మూడు వారాలు దాటి వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం జరగొచ్చు. చీటీలో రాసిన ప్రకారం తగ్గిస్తూ రావాలి. దీనికి ఎదురు తప్పు కూడా చేస్తున్నారు. వేసుకుంటే హుషారుగా ఉందని మందుల షాపులో కొని నెలల తరబడి మింగుతున్నారు. వాడినన్నాళ్లూ పరగడుపున, తిన్న రెండు గంటలకి షుగర్ చూసుకోండి. ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, ఒకటి రెండుగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి రావాలి.

అపోహ: ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటే అలవాటైపోతుంది.

అలవాటు కాదు. అవసరం తీరాక డాక్టరు సలహాతో కొంచెం కొంచెం తగ్గిస్తూ తీసేయొచ్చు. ఆ గదిలో దీపం, పొయ్యి, బీడీ ఉండకూడదు. కరెంటు పోయే ఊళ్లో కాన్సన్‌ట్రేటర్ (కరెంటుతో గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం) ఒక్కటే నమ్ముకోవద్దు, పక్కన సిలిండర్ ఉంచుకోండి.

అపోహ: ఇప్పుడు ఏ దగ్గు వచ్చినా పాత వైరస్ తాలూకుదే.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. స్టెరాయిడ్ వాడినవాళ్లలో నిద్రపోతున్న టీబీ లేచే అవకాశం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్ష, మందులు ఉచితం. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, పొడిచినట్టు ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం వచ్చినా, కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 92 కంటే తగ్గినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.