నానమ్మ భాష మాట్లాడితే పిల్లలకి డచ్ రాదా?

అపోహ: ఇంట్లో జావానీస్ (ఇండోనేషియాలోని జావా ద్వీపం భాష) మాట్లాడితే పిల్లలు డచ్‌లో వెనకబడతారు.

వాస్తవం: వెనకబడరు. నెదర్లాండ్స్‌లో పిల్లల స్పీచ్ థెరపిస్టుగా ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా దగ్గరికి సురినాం జావానీ కుటుంబాలు చాలా వస్తాయి. 1890లో డచ్చివాళ్ళు జావా నుంచి కూలీల్ని దక్షిణ అమెరికాలోని సురినాంకి, మారియెన్‌బర్గ్ చెరకు తోటకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. 1939 దాకా సుమారు 33 వేలమంది అలా వెళ్ళారు. 1975లో సురినాంకి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో వాళ్ళ పిల్లలు, మనవలు ఎంతోమంది ఇక్కడికి వచ్చేశారు. సురినాం బళ్ళలో చదువంతా డచ్‌లోనే. ఇంటి భాష అడ్డం అన్న భయం అప్పటినుంచే ఉంది. అందుకే ఈ తల్లిదండ్రుల మీద నాకు కోపం రాదు. కోపమంతా ఏమీ పరీక్షించకుండా ‘ఇంట్లో డచ్ ఒక్కటే మాట్లాడండి’ అని సలహా పడేసేవాళ్ళ మీద.

ఒక నాలుగేళ్ళ పాప బళ్ళో నోరు విప్పడం లేదని తండ్రి తీసుకొచ్చాడు. బడివాళ్ళ సలహా విని, నానమ్మని కూడా జావానీస్ మాట్లాడొద్దన్నాడట. ఆవిడకి డచ్ అంతంతమాత్రం. ఇంక ఆ ఇంట్లో పాపతో రోజంతా మాట్లాడేదెవరు? నేను బొమ్మ చూపించి డచ్‌లో అడిగితే పాప నేల చూపులు చూసింది. వెంట వచ్చిన నానమ్మని అడగమన్నాను. ‘ఇకి అపా?’ అంది ఆవిడ. ఇదేంటి అని. ‘కుచింగే తురు నాంగ్ కుర్సీ’ అని వెంటనే జవాబొచ్చింది. పిల్లి కుర్చీ మీద పడుకుందట. పూర్తి వాక్యం!

నిజంగా భాషా లోపం ఉంటే అది పిల్లకి వచ్చిన భాషలన్నిటిలో కనిపిస్తుంది. ఒక్క డచ్‌లోనే తడబడుతోందంటే ఆ భాష ఇంకా చాలినంత చెవిన పడలేదనే అర్థం. డచ్ ఎక్కువగా వినే, మాట్లాడే అవకాశం కల్పిస్తే సరిపోతుంది. దానికోసం నానమ్మ నోరు కట్టేయనక్కర్లేదు. రెండు భాషలు కలిపి మాట్లాడినా టెన్షన్ పడకండి, రెండూ వచ్చినవాళ్ళు పెద్దయ్యాక కూడా అలాగే మాట్లాడతారు. ఇక్కడి ఆమ్‌స్టెల్‌వీన్ ఊళ్ళో ఉండే మన తెలుగువాళ్ళు అడిగినా నా జవాబు ఇదే.

అపోహ: క్రామా (జావానీస్‌లో మర్యాద భాష) రానివాళ్ళు పెద్దలతో జావానీస్ మాట్లాడకపోవడమే మర్యాద.

జావానీస్‌లో తోటివాళ్ళతో మాట్లాడేది న్గోకో, పెద్దల దగ్గర వాడేది క్రామా. మాటలకి మాటలే మారిపోతాయి. చాలామంది పిల్లలకి న్గోకో ఒక్కటే వచ్చు. తాతతో ఆ భాషలో మాట్లాడితే అమర్యాద అవుతుందని భయపడి డచ్‌లోకి వెళ్ళిపోతారు. పెద్దలకి నేను చెప్పేదొక్కటే: తప్పు దిద్దండి, కానీ ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినండి. మన ఇళ్ళలో మనవడు తాతని ‘నువ్వు’ అన్నాడని మాటలు మానేయం కదా!

మిగతావి క్లుప్తంగా. ఇండోనేషియన్ క్లాసులో చేర్పిస్తే నానమ్మతో మాట్లాడొచ్చనుకుంటారు. అది మలయ్ నుంచి వచ్చిన భాష, జావానీస్ వేరు. సురినాం జావానీస్ కల్తీ అంటారు. డచ్ మాటలు, స్రనన్ (సురినాంలో అందరూ మాట్లాడుకునే క్రియోల్ భాష) మాటలు కలిసిన మాట నిజమే, అరువు మాటలు లేని భాష ఎక్కడుంది? భాష పోయినవాళ్ళు జావానీలే కారనడం మరీ అన్యాయం. ఇంట్లో స్రనన్ మాట్లాడుతూనే స్లామతాన్ (జావా సంప్రదాయంలో శుభాన్ని కోరి పెట్టే సామూహిక భోజనం) విందు పెట్టే కుటుంబాలున్నాయి. సురినాంకి మక్కా తూర్పు వైపున ఉన్నా, జావాలో అలవాటైనట్టు పడమటికే తిరిగి నమాజు చేసేవాళ్ళున్నారు. తూర్పుకి మారినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ జావానీలే.

ఇంటి భాష ఆపమని ఎవరైనా అంటే, ఏ పరీక్ష చేసి చెబుతున్నారో అడగండి. పిల్ల ఎవరితో ఏ భాషలో మాట్లాడుతుందో, అందులో ఎంత పెద్ద వాక్యాలు చెబుతుందో ఓ వారం కాగితం మీద రాసుకుని థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి.