క్లమీడియా పరీక్ష ఎవరికి, ఎందుకు? ఇంగ్లండ్ జవాబు ఎలా మారింది

లక్షణాలేవీ లేని పాతికేళ్ల లోపు అమ్మాయి గర్భనిరోధక మాత్రల కోసం ఫార్మసీకి వెళ్తే, లైంగిక కలయికతో సోకే బ్యాక్టీరియా జబ్బు క్లమీడియాకు పరీక్ష కూడా చేయించుకోమని అడగాలన్నది ఇంగ్లండ్‌లో పద్ధతి. అదే అబ్బాయి వెళ్తే 2021 జూన్ నుంచి అలా అడగాల్సిన పని లేదు. లైంగిక ఆరోగ్య క్లినిక్‌లో మాత్రం అతనికీ పరీక్ష ఉంటుంది. పైకి వివక్షలా కనిపించే ఈ మార్పు ఒక్క రోజులో వచ్చింది కాదు.

క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. కొందరిలో అది ఫెలోపియన్ ట్యూబుల (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టాల) దాకా పాకి మచ్చలు కట్టిస్తుంది. సంతానలేమికి, ట్యూబులోనే గర్భం నిలవడానికి దారి అదే. వెతికితే తప్ప దొరకని జబ్బు ఇది. ఒకప్పుడు వెతకాలంటే గర్భాశయ ముఖద్వారం నుంచి నమూనా తీసి, అందులోని బ్యాక్టీరియాను ల్యాబులో కణాల మీద పెంచాలి. 1990ల్లో బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షలు వచ్చాక మూత్రం చాలన్నారు. దాంతో పరీక్ష క్లినిక్ గడప దాటింది.

1996లో వెలువడిన అమెరికాలోని సియాటిల్ అధ్యయనం, స్క్రీనింగ్‌కు (లక్షణాలు లేకున్నా చేసే పరీక్షకు) పిలిచిన మహిళల్లో ఏడాదిలోపు పొత్తికడుపు ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గాయంది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్, విరల్‌లలో 1999-2000లో ప్రయోగాత్మకంగా చూస్తే, పరీక్ష చేయించుకున్న 16-24 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు పదిమందికి ఒకరు పాజిటివ్. 2003లో జాతీయ కార్యక్రమం మొదలై, 2008కి దేశమంతా పాకింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌లా ఇంటికి ఉత్తరాలు పంపే పద్ధతి పెట్టుకోలేదు. వేరే పని మీద వచ్చినవాళ్లనే అడగాలి. చేరువ కావడానికి ఇది బాగానే ఉంది కానీ, నిరుడు అడిగిన అమ్మాయి ఈ ఏడు రాకపోతే లెక్కలోంచి జారిపోతుంది.

అసలు చిక్కు లక్ష్యాలతో వచ్చింది. 2010-11కి యువతలో 35% మందిని పరీక్షించాలన్నారు. అంకె కోసం కిట్లు పంచేస్తే, ముప్పు తక్కువున్నవాళ్లతోనూ అంకె నిండుతుంది. ఒక్కో పరీక్షకు సగటున 56 పౌండ్లు అవుతోందని, బాగా నడిపేచోట 33కే అవుతోందని జాతీయ ఆడిట్ కార్యాలయం 2009లోనే ఎత్తిచూపింది. తర్వాత కొలమానం మార్చారు: 15-24 ఏళ్ల వారిలో లక్షకు 2,300 కేసులు పట్టుకోవాలి. 2021లో ఉద్దేశమే మారింది. వ్యాప్తిని అరికట్టడం పక్కకు జరిగి, ఆడవాళ్లకు జరిగే హాని తగ్గించడం ముందుకొచ్చింది. ఇప్పుడు కొలమానం లక్ష మంది యువతులకు 3,250.

నమూనా దగ్గర జరిగే పొరపాట్లు మాత్రం అవే. మూత్రమైతే కనీసం గంటసేపు ఆపుకొని, మొదట వచ్చే 20 మిల్లీలీటర్లే పట్టాలి. వేరే పరీక్షల అలవాటుతో మధ్య ధార పడితే నమూనా పలచబడి జబ్బు తప్పించుకుంటుంది. ఆడవాళ్లకు మూత్రం కన్నా యోని స్వాబ్ (పుల్లకు చుట్టిన దూదితో తీసే నమూనా) మేలు, స్వయంగా తీసుకోవచ్చు. సోకే అవకాశమున్న కలయిక జరిగి రెండు వారాలు కాకముందే చేస్తే నెగటివ్‌ను నమ్మలేం.

పాజిటివ్ అయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భిణులకు వేరే మందు. మందు వాడాక మూడు వారాల లోపే మళ్లీ పరీక్షిస్తే చచ్చిన బ్యాక్టీరియా అవశేషాలే పాజిటివ్ చూపించవచ్చు. మూడు నెలలకు చేసేది మళ్లీ సోకిందేమో చూడ్డానికి. సోకడానికి తరచూ కారణం మందు వేసుకోని భాగస్వామే. అందుకే అమ్మాయిల విషయంలో గత 6 నెలల భాగస్వాములందరికీ కబురు పంపుతారు, ఫార్మసీలో పరీక్ష చేయించుకోమని అడగని అబ్బాయిలకు కూడా.