రామప్ప రాళ్లు, రామానుజుల ప్రశ్న

పాలంపేటలో రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. లోపలంతా సన్నటి రంధ్రాలు కాబట్టి వాటి సాంద్రత నీటికన్నా తక్కువ. ఆ ఇటుకను చేతిలోకి తీసుకుంటే, ఎవరో బాగా ఆలోచించే చేశారని ఎవరికైనా అనిపిస్తుంది. మరి ఈ లోకాన్ని చూసి కూడా అట్లాగే అనుకోవచ్చా?

అనుకోవచ్చని సుమారు వెయ్యేళ్ల కిందటే నైయాయికుడు (తర్కాన్ని ప్రధానంగా చేసుకున్న న్యాయదర్శన పండితుడు) ఉదయనుడు వాదించాడు. కుండకు కుమ్మరి ఉన్నట్టే భూమికీ తెలివిగల కర్త ఉండాలన్నాడు. బౌద్ధులు, వేదం చెప్పిన కర్మలే ప్రధానమనే మీమాంసకులు దీన్ని ఖండించారు. వాళ్ల సంగతి సరే, నన్ను ఆలోచనలో పడేసింది రామానుజాచార్యులు. జీవితమంతా విష్ణుభక్తిని బోధించిన ఆయనే ఈ వాదం నిలవదని బ్రహ్మసూత్రాలకు తాను రాసిన వ్యాఖ్యానం శ్రీభాష్యంలో తేల్చారు. మేడలూ రథాలూ ఎందరో కలిసి చేస్తారు కదా, లోకానికి మాత్రం కర్త ఒక్కడే అని ఎట్లా చెప్తారు? మనకు తెలిసిన కర్తలందరికీ శరీరం ఉంది, తెలివికి హద్దు ఉంది. మరి దేవుడికీ అవి ఉన్నాయనాలా? అందుకే దేవుణ్ణి శాస్త్రం ద్వారానే, అంటే వేదం ద్వారానే తెలుసుకోగలం అన్నారు.

రామప్ప విషయంలోనూ అంతే. రాళ్లను ఎంత చూసినా చాలామంది చెయ్యి పడిందనే తెలుస్తుంది. కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడని, అది 1213 నాటిదని చెప్పింది శాసనం. కానీ శాసనాన్ని లిపితో, మిగతా శాసనాలతో సరిచూసుకోవచ్చు. వేదాన్ని దేనితో సరిచూస్తాం? ఇక్కడ మాత్రం రామానుజులతో ఏకీభవించలేను.

అట్లాగని వాదాలు వృథా కావు. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక కన్నునూ రెక్కనూ చూపించి దేవుణ్ణి నిరూపించడం కష్టమైంది. అసలు ప్రకృతికి నియమాలెందుకున్నాయన్న ప్రశ్నకు మాత్రం ఆయన సిద్ధాంతంలో జవాబు లేదు. సంభావ్యత లెక్కల్లో బేయిస్ సూత్రం ప్రకారం, ఒక ఆధారం మన నమ్మకాన్ని కొంత పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. చివరికి ఎక్కడ తేలతామన్నది మొదట ఎంత నమ్మామన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. అందుకే హన్మకొండలో ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరు భద్రకాళి గుడికి పోతున్నా, ఇంకొకరు దేవుడు లేడంటున్నా, ఇద్దరి మాటా సబబే కావచ్చు. నమ్మకం సబబైనదని చూపడానికి వాదాలు చాలు. నమ్మి తీరాలని చెప్పడానికి చాలవు.

అయితే లెక్క రెండువైపులా వేయాలి. ప్రకృతి నియమాలను దేవుడికి ఆధారంగా చూపేవాళ్లు పసిపిల్లలకు వచ్చే క్యాన్సర్‌నూ ఎదుటి పక్కన రాసుకోవాలి. దానికి కర్మ అనే జవాబు మనవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కానీ కర్మ ఉందని కూడా విడిగా నిరూపించాలి కదా.