క్రుష్చేవ్‌ను నిలబెట్టినవాళ్లే దించేశారు

1964 అక్టోబరు 12న సోవియట్ యూనియన్ ముగ్గురు వ్యోమగాములను ఒకే నౌకలో అంతరిక్షంలోకి పంపింది. నల్లసముద్రం ఒడ్డున పిత్సుందాలో సెలవులో ఉన్న సోవియట్ అధినేత నికితా క్రుష్చేవ్ అక్కడి నుంచే వాళ్లతో ఫోన్‌లో మాట్లాడాడు. వారం తిరిగేసరికి మాస్కోలో వాళ్లకు స్వాగతం పలికింది ఆయన స్థానంలో పార్టీ అధినేత అయిన లియొనిద్ బ్రెజ్నేవ్. వయసు మీద పడిందని, ఆరోగ్యం బాగాలేదని క్రుష్చేవ్ తప్పుకున్నట్టు ప్రకటన వచ్చింది. దాన్ని నమ్మినవాళ్లు తక్కువే.

ఈ కథ 1953 మార్చిలో స్టాలిన్ మరణంతో మొదలవుతుంది. వారసుడెవరో స్టాలిన్ తేల్చకుండానే పోయాడు. ప్రభుత్వం మలెంకోవ్ చేతికి, పోలీసు యంత్రాంగం బేరియా చేతికి వచ్చాయి. క్రుష్చేవ్‌కు దక్కింది కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం. పైకి అది చిన్న వాటాలా కనిపించింది కానీ, ఏ ప్రాంతానికి ఎవరిని కార్యదర్శిగా పంపాలో తేలేది అక్కడే.

ముందు బేరియా పని పట్టారు. అతనంటే అందరికీ భయమే కాబట్టి ఏకం కావడం కష్టం కాలేదు. జూన్ 26న పార్టీ అగ్రనేతల బృందమైన ప్రెసీడియం సమావేశంలోనే మార్షల్ జుకోవ్, మరికొందరు సైనికాధికారులు లోపలికొచ్చి అతన్ని అరెస్టు చేశారు. డిసెంబరులో కాల్చేశారు. ఆ తర్వాత సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం కొన్నవాళ్లకు ఇళ్లకే కొత్త పేజీలు వచ్చాయి. బేరియా ఉన్న పేజీలు కత్తిరించేసి, బేరింగ్ సముద్రం వగైరా వివరాలున్న వీటిని అతికించుకోవాలన్నమాట!

ఈలోగా పార్టీలో పైచేయి సాధించిన క్రుష్చేవ్ వంతు 1957 జూన్‌లో వచ్చింది. లెనిన్‌గ్రాడ్ 250వ వార్షికోత్సవం గురించి మాట్లాడుకుందామని పిలిచిన ప్రెసీడియం సమావేశంలో ఆయన్ని తొలగించాలన్నారు. మలెంకోవ్, మొలొతోవ్, కగనోవిచ్ ముందుండి నడిపించారు. 1955లో క్రుష్చేవ్‌తో జంటగా మన దేశానికి వచ్చి జనంతో జేజేలు కొట్టించుకున్న బుల్గానిన్ కూడా వాళ్ల వైపే చేరాడు. పదకొండు మందిలో ఏడుగురు వ్యతిరేకం.

లెక్క ప్రకారం అక్కడితో ఆయన పని అయిపోవాలి. కానీ తనను ఎన్నుకున్నది ప్రెసీడియం కన్నా పెద్దదైన పార్టీ సెంట్రల్ కమిటీ కాబట్టి అదే తేల్చాలని క్రుష్చేవ్ పట్టుబట్టాడు. రక్షణ మంత్రిగా ఉన్న జుకోవ్ సైనిక విమానాలు పెట్టి దూరప్రాంతాల సభ్యులను మాస్కోకు రప్పించాడు. వచ్చినవాళ్లలో చాలామంది ప్రాంతీయ కార్యదర్శులు, క్రుష్చేవ్ హయాంలో పైకొచ్చినవాళ్లు. పాచిక తిరగబడింది. మొలొతోవ్ మంగోలియాకు రాయబారిగా, మలెంకోవ్ కజఖ్‌స్తాన్‌లో ఒక జలవిద్యుత్ కేంద్రానికి మేనేజరుగా వెళ్లారు. ప్రాణాలు మాత్రం దక్కాయి. స్టాలిన్ కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. ఇంత సాయం చేసిన జుకోవ్‌ను క్రుష్చేవ్ నాలుగు నెలలకే పదవి నుంచి పీకేశాడు.

నా దృష్టిలో క్రుష్చేవ్ పతనానికి 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభం, ఎక్కడపడితే అక్కడ మొక్కజొన్న వేయించిన పిచ్చి, విదేశాల నుంచి గోధుమలు కొనాల్సి రావడం కన్నా పెద్ద కారణం ఇంకోటుంది. తనను కాపాడిన కార్యదర్శుల కుర్చీల కిందే ఆయన మంట పెట్టాడు. 1961లో పార్టీ నిబంధనలు మార్చి, ప్రతి ఎన్నికలోనూ సెంట్రల్ కమిటీలో కనీసం నాలుగో వంతు, ప్రాంతీయ కమిటీల్లో మూడో వంతు కొత్తవాళ్లు రావాలన్నాడు. 1962లో ప్రాంతీయ పార్టీలను పరిశ్రమలకొకటి, వ్యవసాయానికొకటి అని రెండుగా చీల్చాడు. నిన్నటిదాకా ప్రాంతమంతటికీ పెద్దదిక్కుగా ఉన్న మనిషికి సగం అధికారమే మిగిలింది. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లను కూడగట్టడం బ్రెజ్నేవ్ బృందానికి కష్టం కాలేదు.

క్రుష్చేవ్ పిత్సుందా నుంచి వచ్చి మాస్కోలో దిగినప్పుడు ఎదురొచ్చింది కేజీబీ అధిపతి సెమిచాస్త్నీ. ఈసారి సెంట్రల్ కమిటీని పిలిపించింది ప్రత్యర్థులే. అక్టోబరు 14న పార్టీ అగ్రనేతల్లో ఒకడైన సుస్లోవ్ ఆరోపణల చిట్టా చదివాడు. క్రుష్చేవ్ పక్షాన ఒక్క గొంతూ లేవలేదు.

చీల్చిన ప్రాంతీయ పార్టీలను కొత్త నాయకత్వం నవంబరులోనే మళ్లీ కలిపేసింది. కొత్తవాళ్ల కోటా నిబంధనను 1966 మహాసభలో ఎత్తేశారు. కార్యదర్శులు ఊపిరి పీల్చుకుని ఎక్కడివాళ్లక్కడే ఏళ్ల తరబడి కూర్చుండిపోయారు. 1982లో చనిపోయేదాకా బ్రెజ్నేవ్ కూడా కుర్చీ దిగలేదు.