బ్రష్ కట్టర్‌లో పెట్రోలు పోసే ముందు: 25:1 అంటే 25 మి.లీ. కాదు

వానలు మొదలైన దగ్గర్నుంచి మా షెడ్డుకి పట్టేసిన ఇంజన్లు వస్తూనే ఉన్నాయి. నిన్న వచ్చిన బ్రష్ కట్టర్‌కి (గడ్డి కోసే పెట్రోలు మెషీన్) కొన్న బిల్లు ఇంకా కవర్లోనే ఉంది. తెచ్చినాయనకి మా పక్క ఊళ్లో ఆరెకరాల ఆయిల్‌పామ్ తోట. తాడు లాగితే కదలదు. "ప్లగ్గు పోయిందేమో చూడు బాబూ, పొద్దున్న బానే తిరిగింది" అన్నాడు. సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి టార్చి వేసి చూపించాను. పిస్టన్ మీద నిలువునా గీతలు. రింగు గాడిలోనే అతుక్కుపోయింది.

"ఇందులో ఏం కలిపారు బాబాయ్?" అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. "కలపడమేంటయ్యా, దగ్గరుండి బంకులో కొట్టించుకొచ్చాను. చుక్క కల్తీ లేదు" అన్నాడు.

ఆ మాటతో నాకు విషయమంతా అర్థమైంది. కలపడం అంటే ఆయన దృష్టిలో కల్తీ. మెషీన్ మీద ప్రేమతో స్వచ్ఛమైన పెట్రోలు పోశాడు, ఆ ప్రేమే ఇంజన్‌ని చంపేసింది. కొత్త బోరు కిట్టు, అంటే సిలిండరు, పిస్టన్, రింగుల సెట్టు వేయాలి. కంపెనీ కిట్టు, కూలీ కలిపితే ఇంకొంచెం వేసుకుని కొత్త మెషీనే కొనుక్కోవచ్చు అనిపించేంత ఖర్చు. లీటరు పెట్రోల్లో 40 మి.లీ. ఆయిల్ కలపనందుకు ఇదంతా. ఒక్క ఆయన కాదు, ఈ సీజన్‌లో నా బల్ల మీదికొచ్చిన చచ్చిన ఇంజన్లలో ఎక్కువ భాగం కథ ఇదే. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: పెట్రోలు ఎంత స్వచ్ఛంగా ఉంటే ఇంజన్‌కి అంత మంచిది. ఆయిల్ కలిపితే పొగ తప్ప ఏమీ రాదు.

4-స్ట్రోక్ ఇంజన్‌కి అడుగున ఆయిల్ గది ఉంటుంది. దాని ఆయిల్ దానికి వేరు, దాని పెట్రోలు దానికి వేరు. ఆయన బ్రష్ కట్టర్‌లో ఉన్నలాంటి 2-స్ట్రోక్ ఇంజన్‌కి ఆ గదే లేదు. కార్బొరేటర్ నుంచి వచ్చే పెట్రోలు, గాలి ముందు పిస్టన్ కిందికి, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఉన్న చోటికి వెళ్లి, అక్కణ్నుంచి పైకి ఎక్కి మండుతాయి. ఆ దారిలో పెట్రోలుతో పాటు వచ్చిన ఆయిలే క్రాంకు బేరింగుల్ని, రాడ్ బేరింగుని, పిస్టన్ ఒంటిని తడుపుతుంది. ఆ మెషీన్‌కి అంతకు మించి ఇంకెక్కడి నుంచీ ఆయిల్ అందదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లకు పైగా తిరిగే ఇంజన్ అది. వేడికి అల్యూమినియం పిస్టన్ ఉబ్బుతుంది, మధ్యలో ఆయిల్ పొర లేకపోతే బోరుకి నేరుగా రాసుకుంటుంది. దీనికి రోజులు అక్కర్లేదు, నిమిషాలు చాలు.

"పొద్దున్న బానే తిరిగింది కదా" అని అందరూ అంటారు. తిరుగుతుంది. కొత్త మెషీన్‌ని షాపులో ఒకసారి స్టార్ట్ చేసి చూపించి ఉంటే అప్పుడు పోసిన మిక్స్ (ఆయిల్ కలిపిన పెట్రోలు) తాలూకు తడి లోపల కొంచెం ఉంటుంది. అది ఆరిపోయేదాకా తిరిగి, ఆ తర్వాత పట్టేస్తుంది.

ఇది జనం తెలివితక్కువతనం అంటే నేను ఒప్పుకోను. మా నాన్నగారి తరంలో ఈ సంగతి ఊళ్లో ప్రతివాడికీ తెలుసు. బజాజ్ చేతక్ ఉన్నవాళ్లు, లూనా ఉన్నవాళ్లు బంకుకి వెళ్తే పెట్రోలుతో పాటు ఆయిల్ కొలిచి పోయించుకునేవాళ్లు, పోశాక బండిని రెండుసార్లు అటూ ఇటూ ఊపేవాళ్లు. చిన్నప్పుడు ఆ ఊపే పని నాది. ఇప్పుడు రోడ్డు మీద పెట్రోలు బళ్లు దాదాపు అన్నీ 4-స్ట్రోక్. పాతికేళ్ల కుర్రాడు జీవితంలో ఒక్కసారి కూడా పెట్రోల్లో ఆయిల్ పోయడం చూసి ఉండకపోవచ్చు. అతని చేతికి బ్రష్ కట్టరో తైవాన్ స్ప్రేయరో (పెట్రోలుతో నడిచే మందు కొట్టే మెషీన్) ఇచ్చి, ఇంగ్లీషులో ఉన్న పుస్తకం కవర్లో పెట్టి పంపిస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? అమ్మే దగ్గర రెండు నిమిషాలు ఆగి చెప్పాల్సిన మాట ఇది.

ఇక దీని వెనకే వచ్చే రెండో తప్పు. ఆయిల్ కలపాలని తెలిసినవాళ్లు చేసేది ఇదే.

ట్యాంకు మూత మీద 25:1 అని ఉంటుంది. దాన్ని చూసి లీటరుకి 25 మి.లీ. పోస్తారు. 50:1 అని ఉంటే 50 పోస్తారు. రెండూ తప్పే, పైగా సరిగ్గా తలకిందులు. 25:1 అంటే 25 వంతుల పెట్రోలుకి ఒక వంతు ఆయిల్. వెయ్యిని 25తో భాగించండి, లీటరుకి 40 మి.లీ. వస్తుంది. 50:1 అయితే వెయ్యిని 50తో భాగించండి, 20 మి.లీ. 40:1 అయితే 25 మి.లీ. అంకె పెద్దదయ్యే కొద్దీ ఆయిల్ తగ్గుతుంది. ఐదు లీటర్ల క్యాన్‌లో ఒకేసారి కలుపుకునేవాళ్లకి 25:1 లెక్కన 200 మి.లీ., 50:1 లెక్కన 100 మి.లీ. పడుతుంది.

ఏ నిష్పత్తి అనేది నన్ను కాదు, మీ మెషీన్ పుస్తకాన్ని అడగండి. ఒకే మెషీన్‌కి రెండు లెక్కలు కూడా ఉండొచ్చు. స్టిల్ కంపెనీ వాళ్లు తమ ఆయిల్ వాడితే 50:1 అనీ, బయటి 2టీ ఆయిల్ (2-స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసిన ఆయిల్) వాడితే 25:1 అనీ రాస్తారు. పక్కింటాయన 20 మి.లీ. పోస్తున్నాడని మీరు కూడా 20 పోసి, డబ్బా మాత్రం వేరేది వాడితే నష్టం మీకే.

"ఎందుకొచ్చిన గొడవ, రెట్టింపు పోస్తే సరి" అనేవాళ్లున్నారు. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గు నల్లగా తడిసి మసి పడుతుంది, సైలెన్సర్ జాలీ పూడుకుపోతుంది, ఇంజన్ గురగురమంటుంది కానీ లాగదు. చాలామంది గమనించని ఇంకో సంగతి ఉంది. ఆయిల్ పెరిగిన మేరకు ఆ మిక్స్‌లో పెట్రోలు పాలు తగ్గుతుంది, గాలికి తగినంత పెట్రోలు అందక ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. వేడి తగ్గిద్దామని ఎక్కువ పోసి వేడే పెంచుకుంటారు.

ఏ ఆయిల్? 2టీ ఆయిలే. బైకు ఇంజన్ ఆయిల్ కాదు. అది మండడానికి చేసింది కాదు, బూడిద మిగులుస్తుంది. ఎర్రగానో నీలంగానో ఉంటే చాలు అనుకోకండి, అది గుర్తు కోసం వేసిన రంగు. డబ్బా మీద జాసో (JASO, ఆయిల్ నాణ్యతకి జపాన్ ప్రమాణం) ఎఫ్‌సీ అనో ఎఫ్‌డీ అనో ఉందేమో చూడండి. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది నీళ్లతో చల్లబడే పడవ ఇంజన్లది. గాలితో చల్లబడే మన మెషీన్లకి వద్దు.

కలపడం క్యాన్‌లో, ట్యాంకులో కాదు. సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిల్ పోసి, మూత బిగించి బాగా ఊపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ ఊపండి. కొలతకి గీతల్లేని సీసా మూత వాడొద్దు. పిల్లల టానిక్ కప్పు మీద మి.లీ. గీతలుంటాయి, అది చాలా మంచి కొలత, కాకపోతే మళ్లీ ఇంట్లోకి తీసుకెళ్లకండి.

దీనికి ఎదురు తప్పు కూడా చూశాను. అందరూ చెప్పారని ఒకాయన 4-స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో మిక్స్ పోసి, అడుగున ఆయిల్ మాత్రం పోయలేదు. కొత్త 4-స్ట్రోక్ ఇంజన్లు చాలావరకు ఖాళీ ఆయిల్ గదితోనే పెట్టెలో వస్తాయి. హోండా జీఎక్స్35 లాంటి చిన్న ఇంజన్‌లో పట్టేదే 100 మి.లీ. అందులో 30 తగ్గినా పెద్ద లోటే. పవర్ వీడర్ల (కలుపు తీసే మెషీన్ల) మీద ఉండే జీఎక్స్160కి సుమారు 600 మి.లీ. పడుతుంది. మెషీన్‌ని చదునైన చోట పెట్టి రోజూ చూసుకోవాలి. ఆ పెద్ద ఇంజన్‌కి మొదటి ఆయిల్ మార్పు 20 గంటలకే, తర్వాత ప్రతి 100 గంటలకి. "సంవత్సరం కూడా కాలేదు కదా" అని ఆగితే మొదటి గంటల్లో రాలిన లోహపు రజను అందులోనే తిరుగుతూ ఉంటుంది.

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు, కొబ్బరితోట తనే చూసుకుంటోంది. "అన్నయ్యా, ఐదు నిమిషాలు నడిపాక గుర్తొచ్చింది, ఆయిల్ కలపలేదు. పోయిందంటారా?" గొంతులో ఏడుపు. ఆపేశారా అంటే వెంటనే ఆపేశానంది. మంచి పని చేశావమ్మా, ఇక తాడు ముట్టుకోకు అన్నాను. ఇలా ఎవరికైనా జరిగితే కంగారు పడకండి. పూర్తిగా చల్లారనివ్వండి. ట్యాంకు ఖాళీ చేయండి. ప్లగ్గు తీసి ఆ కంతలో చెంచాలో సగం 2టీ ఆయిల్ వేయండి. స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ప్లగ్గు క్యాప్ దూరంగా పెట్టి, తాడు నెమ్మదిగా ఐదారుసార్లు లాగండి. ఎక్కడా గీరుకోకుండా మెత్తగా తిరిగితే ప్లగ్గు తుడిచి బిగించి, సరైన మిక్స్ పోసి, ప్రైమర్ బల్బు (కార్బొరేటర్ దగ్గర ఉండే మెత్తని బుడగ) పదిసార్లు నొక్కండి. కార్బొరేటర్‌లో మిగిలిన ఉత్త పెట్రోలు పోయి కొత్త మిక్స్ వస్తుంది. కాసేపు స్లోలో తిప్పి, తర్వాతే పని. గీరుకుంటే మాత్రం బలవంతంగా లాగొద్దు, విప్పి చూడాలి. ఆ అమ్మాయి మెషీన్ బతికింది. మొన్న ఆదివారం కూడా గడ్డి కోసిందట.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక 2-స్ట్రోక్ మెషీన్లన్నీ పాడైపోతాయని వాట్సాప్‌లో తిరుగుతోంది. పోసిన పెట్రోలు ఆ రోజే వాడేసేవాడికి అంత భయం అక్కర్లేదు. అసలు ప్రమాదం నిల్వ ఉంచడంలో ఉంది. ఇథనాల్ గాల్లో తేమని పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఆ పొరలో ఆయిల్ ఉండదు, ట్యాంకులో గొట్టం పీల్చేదేమో అడుగు నుంచే. అంటే మీరు ఆయిల్ కలిపినా కలపనట్టే. పాత మెషీన్లలో రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్‌లోని పలచని రబ్బరు పొర (డయాఫ్రమ్) కూడా దీనికి గట్టిపడి పగులుతాయి. పుస్తకంలో 10 శాతం ఇథనాల్ దాకానే అని ఉంటే వాటిని ఏటా చూపించుకోండి. కలిపిన మిక్స్‌ని నెల దాటనివ్వొద్దు. సీజన్ అయ్యాక ట్యాంకు వంపేసి, ఇంజన్‌ని దానంతట అది ఆగేదాకా తిప్పి, అప్పుడు అటక మీద పెట్టండి.

ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బాగా లాగుతుందన్నది పచ్చి అబద్ధం. లోపలికి పోయేది మట్టి. స్పాంజి ఫిల్టర్‌ని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. కాగితం ఫిల్టర్‌ని కడగొద్దు, మార్చండి.

బ్లేడుకి తీగ చుట్టుకుంటే స్విచ్ ఆపి చెయ్యి పెట్టేస్తారు. ప్లగ్గు క్యాప్ లాగేసి అప్పుడు చెయ్యి పెట్టండి. గార్డు విప్పొద్దు. పక్కన గడ్డి ఏరేవాళ్లని 15 మీటర్ల దూరం ఉండమనండి, రాయి తగిలితే కన్ను పోతుంది. పవర్ వీడర్ దగ్గర లుంగీ, వేలాడే కండువా వద్దు.

వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయడం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో నా తోటి కుర్రాడు ఆత్రంలో పోస్తూ సైలెన్సర్ మీద ఒలికించాడు. మంట కనిపించేలోపే అతని ముంజెయ్యి కాలింది. ఇప్పటికీ ఆ చేతికి పొడుగు చేతుల చొక్కాయే వేస్తాడు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకి వెళ్లి దూరంగా ఉన్న నిప్పుని కూడా అందుకుంటుంది. పక్కనవాడి బీడీ అయినా చాలు. పది నిమిషాలు ఆగి పోయండి, ఒలికితే తుడవండి, పోసిన చోటు నుంచి పదడుగులు జరిగి స్టార్ట్ చేయండి. కూల్‌డ్రింకు సీసాలో పెట్రోలు ఉంచొద్దు. దాహంతో వచ్చే పిల్లలకి అది కూల్‌డ్రింకే.

చివరిది జనరేటర్. కిటికీ తీసి ఉంటే గదిలో పెట్టుకోవచ్చనీ, వాసన రాకపోతే భయం లేదనీ అనుకుంటారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో మా బావమరిది వాళ్ల అపార్ట్‌మెంటుకి వెళ్లాను. కరెంటు లేదు, బాల్కనీలో చిన్న జనరేటర్, తలుపు ఓరగా తీసి ఉంది. ఇంట్లో అందరికీ తలనొప్పి, పసిదానికి మత్తు. తుపాను అలసట అనుకుంటున్నారు. ముందు జనరేటర్ ఆపి, అందర్నీ మేడ మీదికి తీసుకెళ్లాం. గంటకి పిల్ల కళ్లు తెరిచి పాలు అడిగింది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే బయటికి తీసుకెళ్లి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ రోజు మేం వెళ్లలేదు, వెళ్లాల్సింది. జనరేటర్ ఇంటికి 20 అడుగుల అవతల, ఆరుబయట, సైలెన్సర్ కిటికీల వైపు కాకుండా తిప్పి ఉండాలి. వైరు చాలకపోతే పొడుగు వైరు కొనండి. జనరేటర్‌ని మాత్రం దగ్గరికి జరపకండి.