బోర్డు పెట్టేస్తే ప్రాజెక్టు అయిపోయినట్టేనా? సేవా క్లబ్బుల పనిపై అపోహలు - వాస్తవాలు

మే నెల దాటగానే రోటరీ, లయన్స్ లాంటి క్లబ్బుల్లో హడావుడి మొదలవుతుంది. క్లబ్బు ఏడాది జూన్ 30తో ముగుస్తుంది, జూలై 1న కొత్త అధ్యక్షుడు వస్తాడు. ఈలోగా రిబ్బను కత్తిరించాలి, శిలాఫలకం మీద ఈ ఏడాది కార్యవర్గం పేర్లే ఉండాలి. నీటి పరీక్ష రిపోర్టు ఇంకా ల్యాబులోనే ఉంటుంది, బోరింగుకు మాత్రం పూలదండ పడిపోతుంది. కింద చెప్పే అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే పుడుతుంది. అందుకే ముందు దాని సంగతి. మిగతావాటికి రెండు ముక్కలు చాలు.

అపోహ: వస్తువు అప్పగించి ఫొటో దిగితే ప్రాజెక్టు పూర్తయినట్టే.

వాస్తవం: అప్పగింత రోజుకు సగం దారి కూడా గడవదు. బోరింగునే తీసుకోండి. ఇండియా మార్క్-2 రకం చేతిపంపులో తరచూ అరిగేవి సిలిండరు లోపలి కప్ వాషర్లు. చూస్తే అరచేతిలో పట్టే ముక్కలు. వాటిని మార్చాలంటే మాత్రం భూమిలోకి దించిన పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. క్లాంపులు, పెద్ద స్పానర్లు, పని తెలిసిన మెకానిక్కు, సాయానికి ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే తప్ప అది జరగదు. మార్క్-3లో పైపు వెడల్పు ఎక్కువ కాబట్టి పైపుల్ని కదపకుండానే పిస్టన్‌నూ, నీళ్లు కిందికి జారిపోకుండా ఆపే ఫుట్‌వాల్వునూ లోపలి నుంచి పైకి తీసేయొచ్చు. కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు మార్క్-3 ఖరీదుగా కనిపిస్తుంది, ఓటు మార్క్-2కే పడుతుంది. మిగిలిందనుకున్న ఆ డబ్బు తర్వాత ఎవరి నెత్తిన పడుతుందో ఆ మీటింగులో ఎవరూ అడగరు.

అప్పగించే ముందు రెండు పరీక్షలు చేయాలి. వీటికి ఇంజనీరు అక్కర్లేదు. మొదటిది: నీళ్లు వచ్చేదాకా కొట్టి, అరగంట వదిలేయండి. మళ్లీ కొట్టినప్పుడు ఐదు దెబ్బల్లోపు నీళ్లు పడాలి. అంతకన్నా ఎక్కువ కొట్టాల్సి వస్తే ఫుట్‌వాల్వు కారుతోంది, లేదంటే పైపు జాయింటు దగ్గర లీకు ఉంది. రెండోది: నిమిషంలో సరిగ్గా 40 దెబ్బలు కొట్టి, బకెట్లో ఎన్ని లీటర్లు పడ్డాయో కొలిచి ఆ అంకెను అప్పగింత పత్రంలోనే రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అలాగే కొలవండి. నీళ్లు వెంటనే వస్తున్నా కొలత తగ్గిందంటే వాషర్లను అనుమానించాలి, ఎండాకాలమైతే బోరులో నీటిమట్టం కూడా చూడాలి. మొదటి రోజు అంకె రాసి ఉండకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. "ఏమో, మొదట్నుంచీ ఇంతేనేమో" అనుకుంటూ పంపు పూర్తిగా ఆగిపోయేదాకా వాడతారు.

నీళ్లు తేటగా ఉన్నాయి, తియ్యగా ఉన్నాయి అన్నది పరీక్ష కాదు. ఫ్లోరైడుకు రంగూ రుచీ ఉండవు, ఆర్సెనిక్కుకూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు ఫ్లోరైడుకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్కుకు 0.01 మిల్లీగ్రాము. నీళ్లలో మలం కలిసిందని చెప్పే క్రిమి ఈ.కోలి 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించకూడదు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి రసాయన పరీక్ష బోరు వేసిన వెంటనే జరగాలి, పంపు కొనకముందే. క్రిముల పరీక్ష అయితే బోరును క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ వాసన పూర్తిగా పోయాక. శాంపిలు ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టాలి, మూత లోపలివైపు వేలు తగలకూడదు, ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. మంచినీళ్ల సీసా కడిగి అందులో పట్టి, రెండు రోజులు కారు డిక్కీలో తిప్పిన శాంపిలుకు వచ్చే రిపోర్టు కాగితం దండగ.

ఇక మనుషుల సంగతి. నీళ్లు మోసేది ఆడవాళ్లు, కమిటీలో మాత్రం పేర్లన్నీ మగవాళ్లవి. ఆ కమిటీ పంపు చెడిపోయిన సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలుసుకుంటుంది. వాడేవాళ్లలోంచే ఇద్దరికి మరమ్మతు నేర్పించి, వాళ్ల చేతికే కప్ వాషర్లు, సీలింగ్ రింగులు, చైను బోల్టు, నట్లు, గ్రీజు ఉన్న పెట్టె ఇవ్వండి. నెలకు ఇంటింటా ఎంతో కొంత వసూలు చేసి ప్రత్యేక ఖాతాలో వేయించండి. ఉచితంగా ఇచ్చిన దానికి డబ్బు అడగడమేంటని మొహమాటపడతారు. ఆ మొహమాటం వల్లే చిన్న వాషరు కోసం పెద్ద పంపు మూలపడుతుంది. స్థలం ఎవరిదో కూడా రాతపూర్వకంగా తేల్చుకోండి. ఒకరి సొంత జాగాలో వేస్తే, గొడవొచ్చిన రోజు గేటుకు తాళం పడుతుంది.

ఆసుపత్రి పరికరాలదీ ఇదే కథ. 110 వోల్టుల, 60 హెర్ట్జుల దేశంలో వాడిన యంత్రాన్ని 230 వోల్టుల, 50 హెర్ట్జుల దేశానికి పంపిస్తారు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని సరిచేస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. లైను ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే మోటారైతే ఆరో వంతు నెమ్మదిస్తుంది. టైమింగు, పంపింగు మీద ఆధారపడే పరికరం అలా తప్పు లెక్కలు చూపిస్తుంది. ఇక రక్తపరీక్ష యంత్రం వచ్చి దాని రీఏజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు) ఆ దేశంలో అమ్మకపోతే అది అలంకారమే. పంపేముందు అడగాల్సినవి: సర్వీసు మాన్యువల్ ఉందా, ఏడాదికి సరిపడా ఫిల్టర్లు ఉన్నాయా, కొలతలు సరిచూసే కాలిబ్రేషన్ ఎవరు చేస్తారు, దగ్గర్లో ఆ కంపెనీ టెక్నీషియను ఉన్నాడా, అసలు ఇది కావాలని ఆసుపత్రే రాసి అడిగిందా? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతావి అడగనక్కర్లేదు. మందులైతే అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. గడువు దగ్గరపడిన మందుల్ని దానం చేస్తే, వాటిని పారేసే ఖర్చు పుచ్చుకున్నవాళ్ల మీద పడుతుంది.

కంటి శిబిరానికి వస్తే: పరీక్ష శిబిరంలో, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లో. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అద్దాల పవరు కోసం ఇంకోసారి చూడాలి. ఆ మూడు తేదీలకు బండి ఖర్చు బడ్జెట్లో లేకపోతే శిబిరం పెట్టొద్దు.

వెంటపడి చేసిన పని ఎలా ఉంటుందో చూడాలంటే పోలియో ఉంది. రోటరీ 1979లో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టి, 1985లో పోలియోప్లస్‌గా ప్రపంచమంతటికీ తీసుకెళ్లింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలతో కలిసి నడిచేనాటికి 125 దేశాల్లో ఏడాదికి మూడున్నర లక్షల కేసులుండేవి. భారత్‌లో సహజ వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. బూత్ దగ్గర టోపీలు పెట్టుకుని దిగిన ఫొటోలు అందరికీ గుర్తు. అసలు కష్టం ఆ తర్వాతి రోజుల్లో ఉండేది: చుక్కలు వేసిన బిడ్డ ఎడమ చిటికెన వేలికి గుర్తు పెట్టడం, ఇంటి తలుపు మీద అందరికీ పడితే పి, ఒక్క బిడ్డ మిగిలినా ఎక్స్ అని సుద్దతో రాయడం, ఎక్స్ పడిన ఇంటికి మళ్లీ వెళ్లడం. టీకా సీసా మీద వేడికి రంగు మారే చిన్న చతురస్రం, చుట్టూ ఉన్న వలయమంత ముదురు రంగుకు వచ్చేస్తే ఎంత దూరం మోసుకొచ్చినా ఆ సీసాను పక్కన పెట్టేయడం.

అపోహ: పని మొదలెట్టేద్దాం, గ్రాంటు తర్వాత వస్తుంది.

వాస్తవం: రాదు. మంజూరుకు ముందే మొదలైన పనికి, అయిపోయిన పనికి రోటరీ ఫౌండేషన్ గ్రాంటు ఇవ్వదు. కొత్త అధ్యక్షులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, పాపం మంచి ఉద్దేశంతోనే. గ్లోబల్ గ్రాంటుకు మొత్తం బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. పని జరిగే దేశంలో ఒక స్పాన్సరు, బయటి దేశంలో ఒక స్పాన్సరు కావాలి. ప్రజలతో మాట్లాడి చేసిన అవసరాల అంచనా జతచేయాలి. డీడీఎఫ్ (ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నీ కలిసిన రోటరీ డిస్ట్రిక్టుకు కేటాయించిన నిధి) నుంచి పెట్టిన మొత్తానికి ఫౌండేషన్ ఉమ్మడి నిధి అయిన వరల్డ్ ఫండ్ 80 శాతం కలుపుతుంది, క్లబ్బులు నగదుగా ఇచ్చినదానికి ఏమీ కలపదు. బడ్జెట్ షీటులో నగదుకూ మ్యాచింగు వేసుకుని కూర్చుంటే చివర్లో గుండె ఆగుతుంది. ప్రత్యేక బ్యాంకు ఖాతా, కనీసం ఇద్దరి సంతకాలు, పోటీ కొటేషన్లు, 12 నెలలకోసారి ప్రగతి నివేదిక, పని ముగిసిన రెండు నెలల్లో తుది నివేదిక, అయిదేళ్లపాటు బిల్లుల భద్రత. సరుకు అమ్మేది క్లబ్బు సభ్యుడో అతని బంధువో అయితే ముందే రాసి చెప్పాలి. తర్వాత బయటపడితే నిజాయితీగా జరిగిన కొనుగోలు కూడా దొంగతనంలా కనిపిస్తుంది. చిన్న పనులకు ఇంత తతంగం వద్దు, డిస్ట్రిక్ట్ గ్రాంటు చూసుకోండి.

అపోహ: అంతర్జాతీయ సేవ అంటే క్లబ్బు ఖర్చుతో విదేశీ యాత్ర.

వాస్తవం: గోడలకు రంగులు వేయడానికి విమానమెక్కనక్కర్లేదు. అక్కడ రంగులు వేసేవాళ్లకు పని కావాలి. వెళ్తే అక్కడ లేని నైపుణ్యం నేర్పడానికి వెళ్లాలి, వొకేషనల్ ట్రైనింగ్ టీముల ఉద్దేశం అదే. డాక్టరైతే ఆ దేశంలో తాత్కాలిక రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి. పిల్లలతో పనిచేస్తే ఒంటరిగా ఉండకూడదన్న నియమం, ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

అపోహ: విరాళాలన్నీ వాళ్ల విందులకే.

వాస్తవం: నిర్వహణ ఖాతా వేరు, సేవా ఖాతా వేరు. లయన్స్‌లో ప్రజల దగ్గర వసూలు చేసిన డబ్బు, ఆ కార్యక్రమం ఖర్చు పోగా, ప్రజలకే తిరిగి వెళ్లాలి. భోజనాలు సభ్యుల చందాతోనే. అనుమానముంటే రెండు ఖాతాల లెక్కలు చూపించమని అడగండి. చూపించడానికి ఇబ్బందిపడే క్లబ్బుకు ఇవ్వకండి.

అపోహ: పాత కళ్లజోళ్లు పోగుచేసి పంపితే చాలు.

వాస్తవం: 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ సదస్సులో మాట్లాడినప్పటి నుంచీ చూపు ఆ సంస్థకు పెద్ద పని. కానీ సేకరించిన జోళ్లలో గీతలు పడనివి, పవరు కొలిచి విడదీసినవి, ఎదుటివాళ్ల కళ్లకు సరిపోయేవి కొన్నే మిగులుతాయి. ఒక్కో కంటికి ఒక్కో కోణంలో అమర్చే సిలిండర్ పవరున్నవి ఇంకొకరికి అమరడం మరీ కష్టం. దగ్గరి చూపు కోసమైతే +1.00 నుంచి +3.00 దాకా కొత్త రెడీమేడ్ జోళ్లే నయం.

అపోహ: డబ్బున్నవాళ్లకే, పెద్దమగవాళ్లకే సభ్యత్వం.

వాస్తవం: లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు తలుపులు తెరిచాయి. 18 దాటితే రోటరీ వాళ్ల రోటరాక్టు, 12 నుంచి 30 ఏళ్ల దాకా లయన్స్ వాళ్ల లియో క్లబ్బులు. రోటరీ ఫౌండేషన్‌కు అందిన తొలి విరాళమే 26 డాలర్ల 50 సెంట్లు. చేరేముందు మూడు నాలుగు సమావేశాలకు అతిథిగా వెళ్లి, చందా ఎంతో మొహమాటం లేకుండా అడగండి.

అపోహ: ఫీజు కడితే ఫలానా క్లబ్బు నా పేరు మీద గ్రాంటు ఇస్తుందట.

వాస్తవం: మోసం. గ్రాంటు క్లబ్బులు, డిస్ట్రిక్టుల ద్వారానే వెళ్తుంది. వ్యక్తి ఖాతాలో పడదు, ప్రాసెసింగ్ ఫీజంటూ ఉండదు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. చదువుకున్నవాళ్లూ కడుతున్నారు. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ఈ రోజే బ్యాంకుకు ఫోన్ చేసి, తర్వాత పోలీసులకు ఫిర్యాదివ్వండి. "ఇంకొక్క చిన్న మొత్తం కడితే అంతా తిరిగొస్తుంది" అని మళ్లీ ఫోనొస్తుంది. ఎత్తకండి.